ఐదో పుస్తకంలో పట్టని పేజీ

పిల్లల పుస్తకాల పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతుంటారు. వరుసగా వచ్చే మాయా కథల్లో మొదటి రెండు మూడు పుస్తకాలు బాగుంటాయి, నాలుగు దాటాక ఎందుకు చప్పబడతాయి అని. రచయిత దగ్గర సరుకు అయిపోతుందని జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తారు. అలాంటి పుస్తకాలు ఉన్నాయి, కాదనను. నా చేతుల మీదుగా ప్రెస్సుకు వెళ్ళిన ఒక ఐదో పుస్తకానికి మాత్రం ఆ జబ్బు లేదు. దానికి వచ్చిన జబ్బు మా ఆఫీసులో పుట్టింది. అది ఎలా పుట్టిందో చెబితే మీకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను. పనికిరాకపోయినా, నాకు రాయాలని ఉంది.

నేను గుంటూరులో ఒక గైడ్ల కంపెనీలో ఎడిటరుగా పనిచేసి రిటైరయ్యాను. ఎడిటరు అన్నది నా గది తలుపు మీద రాసి ఉన్న మాట. చేసింది ప్రూఫులు దిద్దడం, కాగితం సరిపోతుందో లేదో చూడటం, డి.టి.పి. అమ్మాయి సెలవు పెడితే ఆ కుర్చీలో కూర్చోవడం. పదో తరగతి గైడ్లు, ఇంటర్ గైడ్లు, మోడల్ పేపర్లు. బడులు తెరిచేదాకా మిషన్లు ఊపిరి తీసుకోవు. ఆ తర్వాత నెలల తరబడి ఖాళీ. ఆ ఖాళీలో పుట్టింది మా పిల్లల పుస్తకాల శాఖ. సాహిత్య సేవ అని మా యజమాని సభల్లో చెప్పేవారు. నాతో చెప్పింది వేరు.

"మిషను ఆగితే పాడవుద్ది మేస్టారూ. ఏదో ఒకటి తిప్పండి."

నేను తిప్పిన ఆ ఏదో ఒకటి, నా ఉద్యోగ జీవితంలో నేను గర్వపడ్డ ఒకే ఒక్క పని.

రాసింది ఒక టీచరమ్మ. కొత్తపట్నం పక్కన సముద్రపు ఒడ్డు పల్లెలో చర్చి వాళ్ళ బడిలో పనిచేసేవారు. ఆమె తల్లిదండ్రులు మిరపకాయ కోతలకు ఏటా మా గుంటూరు వైపు వలస వచ్చిన కూలీలు. చేల గట్ల మీద పెరిగిన మనిషి. ఎండాకాలంలో నల్లరేగడి నేల నెర్రెలు విచ్చుకుంటుంది చూడండి, ఆ నెర్రెలో చెయ్యి పెడితే లోపల చల్లగా ఉండేదని, కింద ఎవరో ఉన్నారని చిన్నప్పుడు అనుకునేదాన్నని ఆమె నాతో చెప్పారు. ఆ ఊహే వరుస మొత్తానికి పునాది. కోతలకు వచ్చిన ఒక కూలీల పిల్ల మధ్యాహ్నం పూట నెర్రెలోంచి కిందికి జారిపోతుంది. కింద ఒక రాజ్యం ఉంటుంది. ఆ రాజ్యంలో వానను బండి మీద తోలుకొస్తారు. బండికి రెండు తెల్ల ఒంగోలు ఎద్దులు. ఎడమవైపు కట్టేది దాపటిది, కుడివైపు కట్టేది వెలపటిది. వాటికి వేరే పేర్లు లేవు. పిల్లకు తోడు ఒక వాగుడుకాయ ముంగిస. శత్రువు వడగాలి దొర. వాన బండిని దారిలో ఆపడమే అతని పని.

మొదటి పుస్తకం వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. రెండోదానికి బడుల నుంచి కార్డులు వచ్చాయి. మూడోదానికి పుస్తకాల షాపులవాళ్ళు ఫోన్లు చేశారు. అప్పుడు మా సేల్స్ మేనేజరు ఆ శాఖ వైపు మొదటిసారి తల తిప్పి చూశాడు. మనిషి చెడ్డవాడు కాదు. నవ్వించేవాడు, ఎవరింట్లో పెళ్ళయినా ముందు ఉండేవాడు. పుస్తకాన్ని మాత్రం అట్ట నుంచి అట్ట దాకా కాకుండా, ముందు అట్ట ఒక్కటే చదివేవాడు.

ఆ అట్ట దగ్గరే వచ్చింది చిక్కు. రంగుల కవర్లు మా దగ్గర అచ్చు కావు, బయటికి పంపాలి. ఒక పెద్ద షీటు మీద నాలుగు కవర్లు పడతాయి. ఒక్క కవరు కోసం షీటు వేయించడం దండగ కాబట్టి, నాలుగు జతపడేదాకా ఆగి ఒకేసారి వేయించేవాళ్ళం. నాలుగో పుస్తకం కవరు సిద్ధమైనప్పుడు రెండు గైడ్ల కవర్లు తోడున్నాయి. నాలుగో గడి ఖాళీ. "ఐదోదానిది కూడా వేసేద్దాం, ఎట్టాగూ రాస్తారుగా" అన్నాడు సేల్స్ మేనేజరు. బొమ్మలాయన అప్పటికి మూడు పుస్తకాలే చదివాడు. ఆ మూడింటిలో ఉన్నదే గీశాడు: ఎర్రటి మిరపకాయల కల్లం మీదుగా మబ్బుల్లోకి లేస్తున్న వాన బండి, కాడి కింద రెండు తెల్ల ఎద్దులు. మంచి బొమ్మ. ధరతో సహా అచ్చయి వచ్చింది. కట్టలు కట్టి గోడౌన్లో పెట్టాం.

ఆ తర్వాత టీచరమ్మ నాలుగో పుస్తకం చివరి అధ్యాయం పంపారు. అందులో దాపటిది చచ్చిపోయింది.

ఊబిలో దిగబడ్డ బండిని లాగి గట్టెక్కించి, కాడి మెడ మీద ఉండగానే ముందుకాళ్ళ మీద వాలిపోతుంది. రాజ్యంలో వైద్యులున్నారు, మంత్రగాళ్ళున్నారు. ఎవరూ ఏమీ చేయలేరు. వెలపటిది రాత్రంతా పక్కనే నిలబడుతుంది. తెల్లవారాక మట్టి చేస్తారు. పిల్ల ఏడుస్తుంది, అన్నం తింటుంది, మళ్ళీ ఏడుస్తుంది. అంతే. నేను ఆమెకు ఫోను చేశాను.

"పిల్లలు తట్టుకోగలరా అమ్మా?"

"మా క్లాసులో ఒక పిల్ల ఉందండీ" అన్నారామె. "వాళ్ళ నాన్న వేటకు పోయి రాలేదు. పడవ చెక్కలు కొట్టుకొచ్చినయ్యి, మనిషి దొరకలేదు. శవం లేదని ఇంట్లో కర్మ కూడా చెయ్యలేదు. ఏ ఊరి ఒడ్డుకో చేరుంటాడు, వచ్చేస్తాడు అని వాళ్ళమ్మే చెప్తది. ఆ పిల్ల బడి మానేసి పొద్దస్తమానం ఒడ్డున కూర్చుంటంది. నేను ఎన్నిసార్లు పోయి పిలిచినా, 'నాన్న వచ్చినప్పుడు నేను లేకపోతే ఎట్టా టీచర్' అంటది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అందుకని ఎద్దును చంపానండి."

నాలుగో పుస్తకం వచ్చాక ఆమె ఆ చివరి అధ్యాయాన్ని ఒడ్డునే కూర్చుని ఆ పిల్లకు చదివి వినిపించారట.  నాలుగు రోజులు పోయాక పిల్ల పలక జడలు వేసుకుని బడికి వచ్చిందట. ఆ సంగతి టీచరమ్మే నాకు ఫోనులో చెప్పారు. నేను డైరీ రాసే అలవాటున్న మనిషిని. ఆ రోజు రాసింది ఒక్కటే వాక్యం: 'ఈ ఉద్యోగంలో ఒక పని జరిగింది.'

ఐదో పుస్తకం రాతప్రతి మరుసటి ఏడాది వచ్చింది. నాకొక పద్ధతి ఉంది. ఏ రాతప్రతి వచ్చినా తెల్లకాగితం మీద నిలువుగీత గీసి, ఎడమవైపు బలాలు, కుడివైపు లోపాలు రాస్తాను. ఆ కాగితం యజమాని బల్ల మీదికి వెళుతుంది. ఆయన ఎడమవైపు చదవరు. "పొగడ్తతో మనకేం పని మేస్టారూ, మరమ్మతు ఏముందో చెప్పండి" అంటారు.

కుడివైపు రాయడానికి ఆ పుస్తకంలో లేకపోలేదు. ముంగిస హాస్యం శ్రుతి మించింది. పిల్లలు కార్డుల్లో మెచ్చుకున్నారని పేజీకొకసారి జోకు వేయించారు. వడగాలి దొర మొదటి పుస్తకాల్లో మాట్లాడకుండానే భయపెట్టేవాడు, ఇందులో ఉపన్యాసాలు ఇస్తాడు. మధ్యలో ఉప్పుకొటార్ల ఊరు వస్తుంది, అక్కడ కథ మూడు అధ్యాయాలు కాళ్ళు చాపుకుని కూర్చుంది. ముందు పుస్తకాలు చదవని పిల్లకు ఎవరు ఎవరో తెలియదు. ఇవన్నీ రాశాను.

ఎడమవైపు మాత్రం నేను ఎప్పుడూ రాయనంత రాశాను. కథ మొదలయ్యేసరికి వాన బండికి ఒకే ఎద్దు ఉంది. కాడి ఎడమ పక్క ఖాళీ. బండి కదలదు. పిల్ల వెళ్ళి ఆ ఖాళీలో తన భుజం పెడుతుంది. సరిపోదు. మరునాడు రాజ్యంలో కుమ్మరి వచ్చి పెడతాడు. ఆ మరునాడు ముసలి రాణి. ఆఖరికి రాజ్యంలో ఉన్న ప్రతి ప్రాణీ వంతులవారీగా దాపటి పక్క నిలబడి లాగితే, బండి గజం గజంగా కదులుతుంది. వెలపటిది తన నడక తగ్గించుకుని వాళ్ళతో కలుస్తుంది. ఎక్కడా ఎవరూ చావు గురించి మాట్లాడరు. పోయిన జీవి చోటును ఎవరూ నింపలేరనీ, అయినా బండి లాగక తప్పదనీ పదేళ్ళ పిల్లకు అర్థమయ్యేలా చెప్పిన పుస్తకం నేను అంతకుముందు చదవలేదు. వరుస మొత్తంలో ఇదే గొప్పదని రాసి, కింద గీత గీశాను.

యజమాని ఆ కాగితం కుడివైపు చదివి, బండికి ఇప్పుడు ఒకే ఎద్దని నా నోట విని, కాగితం పక్కన పెట్టి, గోడౌన్ నుంచి ఒక కవరు తెప్పించారు. టీచరమ్మను గుంటూరుకు పిలిపించారు.

ఆమె ఒంగోలు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. తెల్లచీర మీద దుమ్ము దులుపుకుంటూ కూర్చున్నారు. యజమాని టీ ఇప్పించి, కవరు ఆమె ముందు పెట్టారు. సేల్స్ మేనేజరు పక్కనే నిలబడ్డాడు.

"చూడండి టీచరమ్మా, ఎంత బాగా గీశాడో."

ఆమె చూశారు. "ఇందులో రెండున్నాయండి."

"ఉన్నాయి. అందుకే పిలిపించాను. రెండోదాన్ని లేపండి."

ఆమెకు ముందు అర్థం కాలేదు. నా వైపు చూశారు. నేను చెప్పాను, కవర్లు ముందే అచ్చయ్యాయని. ఇది జరిగిపోయిన పాత సంగతికి బొమ్మ అనుకుంటారు, లోపలి పేజీలో ఒక మాట రాస్తే చాలు అని కూడా అన్నాను.

సేల్స్ మేనేజరు నవ్వాడు. "గురువు గారూ, కవరు మీద రెండు ఎద్దులు చూసి కొన్న పిల్లోడు లోపల ఒకటే ఉంటే ఏమంటాడు? సినిమా పోస్టరు మీద హీరో ఉండి హాల్లో లేకపోతే కుర్చీలు విరగ్గొడతారండీ. అయినా పిల్లలే అడుగుతున్నారు. ఇదుగో కార్డులు. 'దాపటిని బతికించండి ఆంటీ.' అన్నీ ఇవే."

"వాళ్ళు అడుగుతారండి" అన్నారామె. "అడగటం వాళ్ళ ధర్మం. ఇవ్వకపోవడం నా ధర్మం."

యజమానికి ఆ మాట నచ్చలేదు. అయినా నెమ్మదిగానే అన్నారు. "మీ మతంలోనే ఉందిగా, చచ్చి లేవడం. ఎద్దు లేస్తే మీకేం అభ్యంతరం?"

 ఆమె కోప్పడతారనుకున్నాను.

"ఆయన లేచాడని ఆదివారం చెప్తానండి, నమ్మే చెప్తాను. సోమవారం నా ముందు బెంచీల మీద కూర్చునే పిల్లల నాన్నలు లేవలేదు."

యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తర్వాత ఆయన అన్న మాటలు అంతకుముందు ఆమెతో ఎప్పుడూ అనాల్సి రానివి. వరుస మొత్తం హక్కులు మొదటి పుస్తకంతోనే కంపెనీకి రాసిచ్చారు కదా అని గుర్తుచేశారు. మీరు రాయకపోతే పురాణ కథలు రాసే ఆయన ఉన్నాడు, వారంలో రాసి పెడతాడు, మీ పేరే ఉంటుంది అన్నారు. బెదిరింపులా అనలేదు. వంటవాడు రాకపోతే హోటల్ నుంచి తెప్పిస్తాం అన్నట్టు అన్నారు.

నేను ఆయనతో వాదించాను. కవర్లు మళ్ళీ వేయిద్దామన్నాను. మరో మూడు గైడ్ల కవర్లు జతపడేదాకా ఆగుదామన్నాను. "పుస్తకాల పండగ దాటిపోద్ది" అన్నాడు సేల్స్ మేనేజరు. వాదన అక్కడితో ముగిసింది. నా మాట చెల్లిన సందర్భాలు ఆ ఆఫీసులో కామాలూ ఫుల్‌స్టాపుల దగ్గరే.

మెట్లు దిగుతూ టీచరమ్మ ఆగారు. "ఎవరో రాసేకంటే నేనే రాస్తానండి. నా చేత్తో లేపితే, నా చేత్తో ఏదో ఒకటి చెయ్యొచ్చు."

నెల తిరక్కుండా చివరి అధ్యాయం కొత్తది వచ్చింది.  యజమాని అడిగింది ఆమె ఇచ్చారు. రాజ్యమంతా వంతులవారీగా లాగి అలసిపోయి పడుకున్న వేళ, నెర్రెలోంచి దాపటిది నడిచొస్తుంది. ఒళ్ళంతా వెన్నెల రంగు. కాడి కింద నిలబడుతుంది. బండి ఎగురుతుంది. వడగాలి దొర ఓడిపోతాడు. వాన పడుతుంది. పిల్లలు చప్పట్లు కొట్టే ఘట్టం, చక్కగా రాశారు. ఆపైన ఒక పేజీ ఉంది. వాన కురుస్తుండగా వెలపటిది పక్కకు తిరిగి దాపటిని వాసన చూస్తుంది. వాసన ఉండదు. తల తిప్పేసుకుంటుంది. తెల్లవారి తడి నేల మీద పిల్ల చూస్తే, గిట్టల గుర్తులు కుడివైపే ఉంటాయి. ఎడమ పక్క నేల నున్నగా ఉంటుంది.  పిల్ల వెళ్ళి కాడి ఎడమ పక్క భుజం పెడుతుంది. ముంగిస వచ్చి ఆ పక్కన నిలబడుతుంది, పుస్తకం మొత్తంలో మొదటిసారి మాట్లాడకుండా.

మొదటి ప్రతి కంటే ఇదే బాగుందని ఇప్పటికీ అనుకుంటాను. కోరుకున్న పిల్లలకు ఒక రాత్రి ఎద్దును ఇచ్చి, పొద్దున్నే నిజం చేతిలో పెట్టింది. కవరు అబద్ధం కాలేదు, కథా అబద్ధం కాలేదు. యజమాని కూడా ఒప్పుకున్నారు. అంటే, ఎద్దు లేచిందా అని అడిగారు, లేచిందని చెప్పాను.

ఇక్కడ ఫారాల సంగతి చెప్పాలి. పుస్తకం పేజీల లెక్కన అచ్చు కాదు, పదహారేసి పేజీల ఫారాల లెక్కన అవుతుంది. తొమ్మిది ఫారాలకు ధర కట్టారు, ఆ ధర కవరు మీద అచ్చయిపోయింది. పేజీలు కట్టించి చూస్తే ఒక్క పేజీ ఎక్కువైంది. ఆ ఒక్క పేజీ కోసం ఇంకో ఫారం వేయడం కుదరదు. విషయసూచిక తీసేశాను. అధ్యాయాల మొదట బొమ్మలు చిన్నవి చేశాను. ముంగిస జోకులు, టీచరమ్మ అనుమతితోనే, కొన్ని కోశాను. వరసలు కుదించాను. అంతా చేసినా ఆ చివరి పేజీ బయటే ఉంది. తొమ్మిదో ఫారంలో ఆఖరి పేజీ ఒకటి ఉంది కానీ, దాని మీద పదో తరగతి ఆల్-ఇన్-వన్ గైడు ప్రకటన ఉంది.

ప్రకటన తీసేద్దామని అడిగాను.

"మేస్టారూ, ఆ గైడు అమ్మితేనే ఈ ఎద్దులు మేసేది" అన్నారు యజమాని. తప్పు పట్టలేని మాట.

సేల్స్ మేనేజరు చివరి పేజీ ప్రూఫు చేతిలోకి తీసుకున్నాడు. నాకు తెలిసి, ఆ పుస్తకంలో అతను చదివిన ఒకే ఒక్క పేజీ అది. "వాన పడింది. దొర పోయాడు. ఎద్దులు రెండూ ఉన్నాయి. కథ అయిపోయిందిగా గురువు గారూ. మళ్ళీ తెల్లారడం దేనికి?"

యజమాని ఎర్ర కలంతో ఆ పేజీ మీద అడ్డంగా ఒక గీత గీసి నాకిచ్చారు. ఆ రోజు సాయంత్రమే ఫారం మిషనెక్కింది. నేను టీచరమ్మకు ఫోను చేశాను.

"ఎన్ని లైన్లు తీశారండి?"

"పేజీ మొత్తం అమ్మా."

"అయితే ఎద్దు వచ్చేసిందన్నమాట."

 ఆమే మళ్ళీ అన్నారు. "పర్లేదులెండి. మా పిల్లలకు నేను చదివి చెప్పుకుంటాను. రాసిన కాగితం నా దగ్గర ఉంది. మా పిల్ల ఒక్కతి వింటే చాలు నాకు."

ఐదో పుస్తకం ముందు వాటన్నిటికంటే ఎక్కువ పోయింది. పుస్తకాల పండగలో పిల్లలు రెండు ఎద్దుల కవరు చూపించి కొనిపించుకున్నారు. ఎవరో ఒక పత్రికలో సమీక్ష రాస్తూ, ఆరంభం అపూర్వం, ముగింపు చవకబారు, రచయిత్రి పాఠకుల చప్పట్లకు లొంగిపోయింది అన్నారు. న్యాయమైన సమీక్ష. నేను ఎటు తిప్పి చదివినా అందులో ఒక్క మాట తప్పు దొరకలేదు. పేరు ఒక్కటే తప్పు, లొంగింది రచయిత్రి కాదు.

టీచరమ్మ తరగతికి కొన్ని కాపీలు బహుమతిగా ఇవ్వడం మా ఆనవాయితీ. కట్ట పట్టుకుని నేనే వెళ్ళాను. ఒంగోల్లో బస్సు దిగి, ఆటోలో కొత్తపట్నం దాటి, చేపలు ఎండబెట్టిన ఇసుక దారిన ఆ బడికి చేరాను. పిల్లలు లేచి నిలబడి పాట పాడినట్టు నమస్కారం పెట్టారు. రెండో వరసలో పలక జడల పిల్ల ఎవరో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పుస్తకం అందుకోగానే మిగతావాళ్ళు బొమ్మలు చూశారు, ఆమె కవరు మీద ఎడమవైపు ఎద్దు మీద వేలు పెట్టింది.

టీచరమ్మ ఆఖరి అధ్యాయం చదివారు. నెర్రెలోంచి దాపటిది వచ్చేసరికి పిల్లలు బెంచీలు చరిచారు. ఒకడు "చెప్పానా, వచ్చిద్దని చెప్పానా రా" అని పక్కవాడి వీపు మీద గుద్దాడు. ఆమె ఆగి, వాళ్ళ గోల తగ్గనిచ్చి, పుస్తకం బల్ల మీద పెట్టి, మడత పెట్టిన కాగితం తీసి మిగతాది చదివారు. వాసన లేకపోవడం. గిట్టల గుర్తులు. కాడి ఎడమ పక్క భుజం పెట్టడం. గోల పూర్తిగా ఆగిపోయింది. బాగా చదివారు. నాకు తెలిసి ఆ పేజీని పూర్తిగా విన్నది ఆ గది ఒక్కటే.

రెండో వరస పిల్ల వింటూ చదువుతూ ఉంది. తన కాపీలో చివరి పేజీ మీద వేలు పెట్టుకుని, పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి, లేచి నిలబడింది.

"టీచర్, అది పుస్తకంలో లేదు."

"లేదమ్మా. కానీ కథలో ఉంది."

"కథ అంటే పుస్తకమేగా టీచర్. పుస్తకంలో వానతో అయిపోయింది. మీరు కాయితంలో రాసుకొచ్చారు."

టీచరమ్మ నా వైపు చూశారు. నా సాయం అడగడం లేదు, ఊరికే చూశారు. నేను ఉండలేకపోయాను. లేచి, పుస్తకం అచ్చు వేసేది మేమేనని ఆ పిల్లకు చెప్పాను. టీచర్ గారు చదివింది కూడా పుస్తకంలోదేనని, అది కూడా ముందు అచ్చు అక్షరాల్లో ఉండేదని, మేమే కొట్టేశామని చెప్పాను. నిజం చెబితే సర్దుకుంటుందనుకున్నాను. నా చదువు, నా అనుభవం అంతవరకే.

పిల్ల ముఖం విప్పారింది.

"తప్పయితేనేగా కొట్టేస్తారు" అంది. "టీచర్ మా నోట్సులో తప్పులు ఎర్ర పెన్నుతో కొట్టేస్తారు. ఒప్పు ఉంచుతారు."

టీచరమ్మ కాగితం మడిచారు. పిల్లలందరూ ఆమెనే చూస్తున్నారు. కాదు, ఈసారి ఒప్పునే కొట్టేశారు అని చెప్పవచ్చు. చెబితే ఆ పిల్ల చేతిలోంచి ఎద్దును ఆమే రెండోసారి లాక్కోవాలి, అదీ అంతమంది ముందు. పైగా రేపటి నుంచి నోట్సులో కొట్టేసింది ఏది తప్పు, ఏది ఒప్పు?

"కూర్చో అమ్మా" అన్నారు చివరికి. "పుస్తకం నీదే. ఇంటికి తీసుకుపో."

ఆటో దాకా నాతో నడిచొచ్చారు.  ఆటో కదిలే ముందు, ఆరో పుస్తకం ఎప్పుడు పంపుతారని అడిగాను. అడగక్కర్లేని ప్రశ్న అది, అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చింది.

"నా పేరు మీ దగ్గరే ఉందిగా అండి" అన్నారామె. "వాడుకోండి."

వాడుకున్నారు. ఆరోది పురాణాలాయన రాశాడు, ఏడోది కూడా. రెండింటిలోనూ ముంగిస తెగ మాట్లాడుతుంది. ఆ రెండింటికీ నేను గీత గీసిన కాగితం రాశాను, ఎడమవైపు ఖాళీగా పెట్టి. యజమాని ఎలాగూ అటువైపు చూడరు కాబట్టి నన్నెవరూ ఏమీ అడగలేదు. ఐదో పుస్తకం రెండో ముద్రణకు వచ్చినప్పుడు ఆ పేజీ కలుపుదామని మళ్ళీ అడిగాను. బాగా అమ్ముతున్న పుస్తకాన్ని కదిలించకూడదన్నారు. అప్పటికి ఆల్-ఇన్-వన్ గైడు పాతబడింది, ఆ పేజీలో కొత్త గైడు ప్రకటన వేశాం.

కాబట్టి కుర్రవాళ్ళూ, ఒక వరుసలో ఐదో పుస్తకం చప్పగా ఉందని తీర్పు చెప్పేముందు, ఆ పుస్తకాన్ని ఎవరు చల్లార్చారో కనుక్కోండి. కనుక్కున్నంత మాత్రాన మీరు ఏదైనా ఆపగలరని నేను అనను. నేను కనుక్కోవడం కాదు, పక్కనే కూర్చుని చూశాను.

రిటైరయ్యే ముందు ఒకసారి టీచరమ్మకు ఫోను చేసి, ఆ పిల్ల బడికి వస్తోందా అని అడిగాను.

"వస్తందండీ, ఒక్క రోజు కూడా మానట్లా" అన్నారు. "బెంచీ మార్చమని అడిగింది. కిటికీ పక్కకు మార్చాను."

నేను వెళ్ళినప్పుడు చూశాను. ఆ గదికి కిటికీ ఒకటే. తెరిస్తే ఒడ్డు మొత్తం కనిపిస్తుంది.